ఊరికి దూరంగా, ఖాళీ జాగా ఉన్న పాత ఇల్లు కొనాలంటే ఎక్కడ, ఎలా వెతకాలి?

నిజాంపేట_టీచరమ్మ

వచ్చే ఏప్రిల్‌లో రిటైర్ అవుతున్నాను. మావారు ముందే అయ్యారు, పిల్లలిద్దరూ బెంగళూరులో. మేముండే ఫ్లాటుకి ఒక పక్క ఫంక్షన్ హాలు, వెనకాల కొత్త టవరు కడుతున్నారు. పెళ్లిళ్ల సీజన్లో డీజే, అది లేని రోజున కాంక్రీటు లారీలు. ఆయనకి రాత్రిళ్లు నిద్ర లేక బీపీ పెరుగుతోంది, డాక్టరు మాత్రలు మారుస్తూ పోతున్నారు. ఈ ఫ్లాటు అద్దెకిచ్చేసి పల్లెకి వెళ్లిపోదామని ఇద్దరం గట్టిగా అనుకున్నాం.

మాకు కావలసింది పెద్దదేం కాదు. ఊరి చివరో, ఊరికి కాస్త అవతలో ఒక పాత ఇల్లు, పెంకుటిల్లయినా సరే, చుట్టూ ముప్పై నలభై సెంట్ల ఖాళీ, మంచి నీళ్లు, ఇంటి దాకా కారు వెళ్లే దారి. 45 లక్షల దాకా పెట్టగలం. నెట్‌లో ఎంత వెతికినా ఫామ్ ప్లాట్లే వస్తున్నాయి: ఆర్చి గేటు, క్లబ్ హౌసు, శ్రీగంధం మొక్కలు ఉచితం. నాకు వెంచరు వద్దు. అక్కడా వంద కుటుంబాల మధ్యే ఉండేటట్టయితే ఇక్కడి నుంచి కదలడం ఎందుకు? బ్రోకరుని అడిగితే "పల్లెల్లో ఇళ్లు ఎవరూ అమ్మరమ్మా, జాగా కొని కట్టుకోండి" అంటున్నాడు. నిజంగానే అమ్మరా? అమ్మితే ఎవరిని అడగాలి? ఆంధ్ర అయినా తెలంగాణ అయినా ఫరవాలేదు. అలా వెళ్లినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

వీకెండ్_రైతు

బ్రోకరు చెప్పింది నిజమేనండి. పాత ఇంటి రిపేర్లకి పెట్టే డబ్బుతో కొత్త ఇల్లే లేస్తుంది. జాగా చూసుకోండి.

పుంతదారి

పైన చెప్పినదానికి నేను ఒప్పుకోను. ఇళ్లు అమ్ముతారు, బోర్డు పెట్టరు, అంతే. మాది పశ్చిమ గోదావరి. మా వీధిలో తాళం వేసిన ఇళ్లే ఎక్కువ. పెద్దవాళ్లు పోయారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. "ఫలానావాళ్లు ఇల్లు అమ్ముకుంటున్నారట" అనే మాట ఊళ్లో పడడం వాళ్లకి ఇష్టం ఉండదు, అందుకే నెట్‌లో పెట్టరు, బ్రోకరుకీ చెప్పరు. తెలిసినవాళ్ల ద్వారా వెళ్లి మర్యాదగా అడిగితే మాత్రం మాట్లాడతారు.

ఎవరికి తెలుస్తుందంటే, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరుకి, పాల కేంద్రం నడిపేవాడికి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చునే దస్తావేజు రైటర్లకి. అందరికన్నా బాగా తెలిసేది లైన్‌మన్‌కి. ఏ ఇంటి మీటరు తిరగడం లేదో అతనికి తెలుసు. కారులో వెళ్లి సెంటర్లో దిగి "ఇక్కడేమైనా ఇళ్లున్నాయా" అని అడిగారంటే ధర అప్పటికప్పుడు పెరిగిపోతుంది. నచ్చిన మండల కేంద్రంలో ఒక వాటా అద్దెకి తీసుకుని కొన్నాళ్లుండండి. కిరాణా కొట్టువాడికి మీ మొహం గుర్తుండేసరికి ఇళ్ల సంగతులు వాటంతటవే మీ దగ్గరికొస్తాయి.

ఇంకో మాట. మా వైపు మండువా లోగిళ్లని కలప కోసం విప్పేస్తున్నారు. టేకు స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు లారీలకెక్కి రిసార్టులకి వెళ్లిపోతున్నాయి. అలాంటి ఇంటిని ఎవరైనా ఉండడానికి కొంటామంటే ఇంటివాళ్ల మనసు మెత్తబడుతుంది. మా పెదనాన్నగారి ఇల్లు కలప వ్యాపారి ఇస్తానన్నదానికన్నా తక్కువకే ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరుగారికి ఇచ్చారు. ఆయన ఇప్పటికీ ఆ మండువాలో వాన నీళ్లు గంగాళాల్లోకి పట్టుకుంటున్నారు.

మెదక్_మల్లన్న

ఆంధ్ర సంగతి పుంతదారి గారు చెప్పారు. తెలంగాణలో ముందు తేల్చుకోవలసింది ఇల్లు గ్రామకంఠంలో ఉందా, పట్టా భూమిలో ఉందా అన్నది. ఊరి నడుమ పాత ఇళ్లు దాదాపు అన్నీ గ్రామకంఠమే, అంటే ఆబాదీ, ఇళ్ల కోసం విడిచిన జాగా. ఇంటికి విడిగా సర్వే నంబరుండదు, పట్టాదారు పాసుబుక్కు ఉండదు. ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదు, పంచాయతీ ఇచ్చే ఓనర్‌షిప్ సర్టిఫికెట్, కరెంటు బిల్లు, ఇవే కాగితాలు. బ్యాంకులు లోను ఇవ్వడానికి వెనకాడతాయి. 2020లో కేంద్రం స్వామిత్వ అని పెట్టి డ్రోన్లతో ఇళ్లు కొలిచి ప్రాపర్టీ కార్డులిస్తోంది కానీ అన్ని ఊళ్లకీ ఇంకా రాలేదు.

ఊరి బయట ఇల్లంటే అది వ్యవసాయ భూమిలో కట్టింది అయి ఉంటుంది. అప్పుడు భూమి రికార్డు చూడాలి. ధరణి పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. అందులో ఆ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, నిషేధిత జాబితాలో ఉందా, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) అయిందా అన్నవి చూసుకోండి. చాలాచోట్ల సాదా బైనామా మీద కొన్న భూములుంటాయి. తెల్ల కాగితం మీద రాసుకుని తరాలుగా దున్నుకుంటున్నారు, రికార్డులో మాత్రం అమ్మినాయన తాత పేరే ఉంటుంది. ఆ ఇల్లు ఎంత బాగున్నా చేయి పెట్టొద్దు.

నిజాంపేట_టీచరమ్మ

పుంతదారి గారూ, మల్లన్న గారూ, చాలా ఉపయోగపడే మాటలు చెప్పారు. లైన్‌మన్ సంగతి మాకు తట్టనే లేదు. ఆయన ఇప్పుడే నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకుంటున్నారు.

అరకు, లంబసింగి వైపు ఎలా ఉంటుంది? చల్లగా ఉంటుంది కదా.

మన్యం_గాలి

అమ్మా, అటు కొనలేరు. అది షెడ్యూల్డ్ ఏరియా. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970లో చేసిన సవరణ, అందరూ 1/70 అంటారే, దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి గానీ ఇల్లు గానీ కొనడం చెల్లదు. గిరిజనుల దగ్గరే కాదు, గిరిజనేతరుల దగ్గర కొన్నా చెల్లదు. అరకు, పాడేరు, చింతపల్లి, రంపచోడవరం, మారేడుమిల్లి, తెలంగాణలో భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు వైపు కూడా అంతే. "లీజు రాసిస్తాం, మా డ్రైవరు పేరున కొందాం" అని చెప్పేవాళ్లు తగులుతారు. బినామీ పేరు మీద తీసుకుంటే ఆ ఇంట్లో మీకు ఏ హక్కూ ఉండదు. అదీకాక ఆ చట్టం అక్కడి జనం చేతిలో భూమి మిగలడానికి వచ్చింది, దాన్ని చుట్టూ తిరిగి దాటాలని చూడడం తప్పు.

కొన్ని మండలాల్లో సగం ఊళ్లు ఏజెన్సీలో, సగం బయట ఉంటాయి. సరిహద్దు మండలాల్లో చూస్తుంటే గ్రామం పేరుతో సహా తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి.

డాలస్_గోంగూర

మేమూ ఇదే వెతుకుతున్నాం. గుంటూరు, బాపట్ల వైపు ఎకరం పొలంలో చిన్న ఇల్లు. ఇక్కడి నుంచే పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి కొనొచ్చా?

దస్తావేజు_రాత

డాలస్ గారూ, పవర్ సంగతి తర్వాత. ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఎన్ఆర్ఐలు, ఓసీఐలు వ్యవసాయ భూమి, తోట, ఫామ్ హౌస్ కొనకూడదు. మామూలు ఇల్లు, ఇంటి స్థలం కొనొచ్చు. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా పొలం వస్తే ఉంచుకోవచ్చు, అమ్మాలనుకుంటే ఇక్కడ ఉండే భారత పౌరుడికే అమ్మాలి. ఎకరం పొలంలో ఇల్లంటే మీకు కుదరదు. గ్రామకంఠంలోనో, కన్వర్షన్ అయిన స్థలంలోనో ఇల్లు చూసుకోండి.

టీచరమ్మగారికి దీని రెండో వైపు చెబుతాను. మీరు చూసే పాత ఇళ్లలో చాలావాటికి ఓనర్లు అమెరికాలో ఉంటారు. ఎన్ఆర్ఐ దగ్గర కొంటే టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల ఆదాయపు పన్ను, ధరలోంచి పట్టుకుని కట్టవలసింది మీరే. ఇక్కడ ఉన్నవాళ్ల దగ్గర కొంటే 50 లక్షలు, ఆ పైన అయితేనే ఒక శాతం. ఎన్ఆర్ఐ విషయంలో ఆ 50 లక్షల పరిమితి లేదు, రేటూ ఎక్కువ. ఇది తెలియక మొత్తం డబ్బు వాళ్ల ఖాతాలో వేసేసి ఆ తర్వాత నోటీసులందుకున్నవాళ్లు మా ఆఫీసుకి వస్తూ ఉంటారు. రిజిస్ట్రేషన్‌కి ముందే ఆడిటరుని కలవండి.

డాలస్_గోంగూర

ఈ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. థాంక్సండి. మా బ్రోకరు "అందరూ కొంటున్నారు సార్" అన్నాడు.

లంకవాసి

ప్రశాంతత కావాలంటే మా కోనసీమ లంకలకి రండి. కొబ్బరి తోటలో ఇల్లు, పక్కిల్లు కనపడదు, కాలవ గట్టు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయితే ఏటిగట్టుకి ఇవతలా అవతలా అన్నది అడక్కుండా బయానా ఇవ్వకండి. ఏటిగట్టు దాటి లోపల ఉన్న లంకలకి ధర తక్కువ చెబుతారు, ఎందుకు తక్కువో జులై ఆగస్టుల్లో తెలుస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. మా మేనత్త ఇంట్లో కిటికీ మట్టం దాకా నీళ్లొచ్చాయి. ఎన్నిసార్లు సున్నం వేసినా గోడ మీద ఆ గీత మళ్లీ కనపడుతుంది. ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు గోడల కింది భాగం చూడండి, తలుపు చెక్కల అడుగు చూడండి, దేవుడి గూడు ఎంత ఎత్తులో పెట్టారో చూడండి. సామాను అటక మీద ఎక్కువగా ఉంటే ఎందుకుందో అడగండి.

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక అంటే 17.75 అడుగులు. ఆ మట్టానికి మీ ఇంటి దారి మునుగుతుందా లేదా అని పక్కింటివాళ్లని అడగండి, అమ్మేవాళ్లని కాదు.

ఇంకొకటి, తోటల్లో భూమి కింద గ్యాస్ పైపులైన్లు పోతుంటాయి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను పేలిన సంగతి గుర్తుండే ఉంటుంది. లైను వెళ్లేచోట గుర్తు రాళ్లు, బోర్డులు పాతి ఉంటాయి. పెరడంతా నడిచి చూసుకోండి.

సీమరాయి

గోదావరి వరద భయం లేనిది మా రాయలసీమ 😄 మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ చుట్టుపక్కల ఎండాకాలం రాత్రులు చల్లగా ఉంటాయి. మట్టి మిద్దెలు, రాతి గోడలు, ఒక్కో గోడ రెండడుగుల మందం. మధ్యాహ్నం పూట లోపల ఫ్యాను లేకుండా పడుకోవచ్చు. కాకపోతే బెంగళూరువాళ్లు వచ్చి హిందూపురం, లేపాక్షి, మడకశిర వైపంతా కొంటున్నారు, అక్కడ ధరలు ఇప్పుడు మీకు అందవు. కాస్త లోపలికి పోవాలి. పలమనేరు, కుప్పం అడవి అంచు మాత్రం వద్దు, కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగుతాయి. చెరుకు, అరటి వేసినాయన పక్కనుంటే మీ కాంపౌండు గోడ ఏడాదికోసారి కట్టుకోవాలి.

నీళ్లే మా బాధ. బోరు ఎన్ని అడుగులో అడగడం కాదు, మే నెలలో వెళ్లి మోటారు వేయించి గంటసేపు నిలబడి చూడండి. పావుగంట బాగా వచ్చి తర్వాత బుస్సుమని గాలి కొడితే ఆ బోరు అయిపోయినట్టే.

వీకెండ్_రైతు

సీమరాయి గారు చెప్పిన రాతి గోడల ఇల్లు మా తమ్ముడు తీసుకున్నాడు. మిద్దె పైన మట్టి తీసి మళ్లీ వేయించడానికి పనివాళ్లే దొరకలేదు. చౌడు మట్టి ఏది, ఎంత మందం వేయాలి అన్నది తెలిసిన తాత ఒక్కడే ఆ ఊళ్లో ఉంటే ఆయన మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కలేకపోయాడు. చివరికి రేకులు వేశారు. అందుకే అంటున్నాను కొత్తది కట్టుకోమని.

పుంతదారి

@వీకెండ్_రైతు తాతగారిని కింద కుర్చీలో కూర్చోబెట్టి చెప్పించుకుని, పైన వేరేవాళ్లతో చేయించుకోవచ్చు కదండీ. మా పక్కూళ్లో పెంకులు నేయించేటప్పుడు అలాగే చేశారు. పెంకుటింటికి చూడవలసింది మూడే: దూలాలకి చెద పట్టిందా, వాసాలు కుంగాయా, గోడ అడుగున చెమ్మ ఉందా. చిన్న స్క్రూడ్రైవరు తీసుకెళ్లి దూలం గోడలోకి దిగేచోట గుచ్చండి. చెద ముందు అక్కడే తింటుంది, బయటికి నున్నగా కనపడుతుంది, గుచ్చితే లోపలికి దిగిపోతుంది. దిగకపోతే ఆ ఇల్లు మీ మనవల దాకా ఉంటుంది.

కోతుల_కాలనీ

ఎవరూ కోతుల ఊసెత్తరేంటి? మాది కరీంనగర్ జిల్లా. పెంకుటిల్లు కొంటే పెంకులు వాటివే. జామ, మామిడి, కూరగాయలు ఏదీ మిగలదు. మా ఊళ్లో పెరట్లో చిక్కుడు పాదు వేయడమే మానేశారు. ఇంటి చుట్టూ ఇనుప జాలీ కట్టి బోనులో మనుషులు, బయట కోతులు.

నిజాంపేట_టీచరమ్మ

నాకు పెరట్లో కూరగాయలు పండించుకోవాలని చాలా ఆశ. కోతులు లేని వైపు ఏది?

కోతుల_కాలనీ

ఊరు ఊరుకీ తేడా ఉంటుందమ్మా. ఇల్లు చూసేటప్పుడు చుట్టుపక్కల పెరళ్లలో ఏం పండిస్తున్నారో చూడండి. సొరపాదు, టమాటా బయట స్వేచ్ఛగా కాస్తుంటే అక్కడ బెడద లేనట్టే. అన్ని పెరళ్లూ ఖాళీగా ఉంటే ఇంకేం అడగక్కర్లేదు.

ఉద్దానం_కొబ్బరి

శ్రీకాకుళం జిల్లా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. కవిటి, సోంపేట, మందస వైపు కొబ్బరి, జీడి, పనస తోటలు. ఇళ్లు విడివిడిగా, పచ్చగా, సముద్రం గాలి. మీరు అడిగినట్టే ఉంటుంది, ధర కూడా మీకు అందుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లు వరసలకి వరసలే పడిపోయాయి, కొందరు తోటలు మళ్లీ వేయకుండానే వలస పోయారు, అందువల్ల అమ్మకానికి ఇళ్లున్నాయి.

అయినా మా ఊరిని ప్రేమిస్తాను కాబట్టే చెప్పాలి. కిడ్నీ జబ్బు మా దగ్గర ఇంటింటి కథ. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చి ఇస్తున్నారు. వస్తే బోరు నీళ్లు తాగకుండా ఆ నీళ్లే తాగండి, ఆరు నెలలకోసారి క్రియాటినిన్ చూపించుకోండి. బీపీ ఉన్న మనిషిని తీసుకొస్తానంటున్నారు కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడి తర్వాతే మా వైపు ఆలోచించండి.

నల్లగొండ_నీళ్లు

ఉద్దానం వారి మాటకి తోడు. మా మర్రిగూడ, చండూరు, నారాయణపూర్ వైపు, ఆంధ్రలో కనిగిరి వైపు ఫ్లోరైడ్. ఎక్కడ కొన్నా బోరు నీళ్లు సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మాకు మిషన్ భగీరథ పథకం నీళ్లొచ్చాక పరిస్థితి మారింది, కానీ ఊరికి దూరంగా తోటలో ఉన్న ఇంటికి ఆ నల్లా ఉంటుందా అన్నది విడిగా అడగాలి. చాలావరకు ఉండదు.

రింగురోడ్డు_పక్కన

నిశ్శబ్దం ఇవాళ ఉంటే సరిపోదు. మా బావగారు గజ్వేల్ అవతల మామిడితోటలో ఇల్లు కట్టుకుని హాయిగా ఉండేవారు. హైదరాబాదు చుట్టూ వేసే రీజినల్ రింగు రోడ్డు అలైన్‌మెంటులో తోట సగం పోతోంది, మిగిలిన సగం రోడ్డుకి ఆనుకుని ఉంటుంది. నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ ఈ వరసలో చూసేవాళ్లు అలైన్‌మెంటు మ్యాపు దగ్గర పెట్టుకుని చూడండి. ఖమ్మం నుంచి దేవరపల్లి వెళ్లే గ్రీన్‌ఫీల్డ్ హైవే పక్క ఊళ్లవాళ్లూ ఇదే చెబుతున్నారు.

వీకెండ్_రైతు

రోడ్డు వస్తే ధర పెరుగుతుంది కదండీ, మంచిదే.

రింగురోడ్డు_పక్కన

అమ్ముకునేవాడికి మంచిది. వాళ్లు ఉండడానికి వెళ్లారు. ఈవిడా ఉండడానికే వెళ్తున్నారు.

మెదక్_మల్లన్న

రోడ్డు కన్నా క్రషరు చెడ్డది. గుట్ట పక్కన ఇల్లు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, గుట్ట ఎవరికైనా లీజుకిచ్చారంటే మాత్రం బ్లాస్టింగులు, దుమ్ము, రాత్రి టిప్పర్లు. కోళ్ల ఫారాలు కూడా. చలికాలం పొద్దున ఫారం ఉన్నవైపు నుంచి గాలి వీచినప్పుడు వెళ్లి చూడండి, ఈగలు ఎన్నున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఇటుక బట్టీ, రైసు మిల్లు చప్పుడుకన్నా పొగ, ఊక దుమ్ము ఎక్కువ బాధ. చెరువు పక్కన ఇల్లయితే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పటి నీటి మట్టం, హద్దు చూసుకోండి. 2012 భవన నిబంధనల్లో పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫరు, అంటే ఏమీ కట్టకూడని జాగా.

పల్లె_మైకు

మా ఊరు హైవేకి చాలా లోపల. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున నాలుగింటికి గుడి మైకు. వినాయక చవితికి తొమ్మిది రోజులు. పెళ్లయితే ట్రాక్టరు మీద డీజే. పట్నం నుంచి వచ్చేవాళ్లు పల్లె అంటే నిశ్శబ్దం అనుకుంటారు.

2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టకూడదు. కానీ కొత్తగా వచ్చినవాళ్లు స్టేషనుకి ఫోన్ చేస్తే ఊరు దూరమవుతుంది. కాబట్టి గుడి మైకు ఏ దిక్కుకి కట్టారో చూసి, దానికి వెనక వైపు ఇల్లు చూసుకోండి. లేదా కమిటీవాళ్లతో మాట్లాడితే పెట్టె తిప్పి కడతారు. మా వీధిలో పసిపిల్ల పుట్టినప్పుడు అలాగే తిప్పారు, ఎవరూ గొడవ పడలేదు.

పాలమూరు_అక్క

నేను వనపర్తి దగ్గర ఊరికి కిలోమీటరు దూరంలో మా అమ్మతో ఉంటున్నాను. ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటి చెప్పాలి. ఏకాంతం మరీ ఎక్కువైతే ఇద్దరు వయసు మళ్లినవాళ్లకి కష్టం. పిలిస్తే పలికే దూరంలో కనీసం ఒక్క ఇల్లు ఉండాలి. నేను ఇల్లు చూసేటప్పుడు బెడ్రూములు ఎన్ని అని అడగలేదు, పక్క చేనులో కాపురమున్న కుటుంబం ఎవరు, ఎలాంటివాళ్లు అని అడిగాను. వాళ్లే ఇప్పుడు మాకు సగం బలం.

పోయిన వానాకాలం మా జీతగాడికి రాత్రి కట్లపాము కరిచింది. గాటు కనపడదు, నొప్పి ఉండదు, కడుపునొప్పి అన్నాడంతే. కళ్లు మూతలు పడుతుంటే అమ్మకి అనుమానమొచ్చింది. పక్క చేనాయన జీపులో తీసుకెళ్లాడు. ఏరియా ఆసుపత్రిలో మందు ఉంది కాబట్టి బతికాడు. 108 వచ్చేది, కానీ రాత్రిపూట మా తోట దారి వాళ్లకి చెప్పడానికే చాలా సేపు పట్టేది. యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రి ఇంటి నుంచి ఎంత దూరమో, రాత్రి ఎంతసేపు పడుతుందో పగలు కాదు, రాత్రే ఒకసారి నడిపి చూసుకోండి. నేల మీద పక్క వేసుకోకుండా ఎత్తు మంచాల మీద పడుకోవాలి, దోమతెర పరుపు కిందికి దోపుకోవాలి, గడ్డివాము ఇంటికి దూరంగా ఉండాలి.

నిజాంపేట_టీచరమ్మ

అక్కా, మీ మాట చదివి ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఊరికి దూరంగా అన్నది కొట్టేసి, ఊరి చివర అని రాయి" అన్నారు. సరే, అలాగే వెతుకుతాం. హాస్పిటల్ ముప్పై నిమిషాల లోపు ఉండాలి అని కూడా రాసుకున్నాం.

దస్తావేజు_రాత

దారి గురించి ఎవరో ఒకరు చెబుతారని చూశాను. కాగితాల కేసుల్లో నేను చూసేవి సగం దారి గొడవలే. ఇంటి దాకా కారు వెళ్తోంది అంటే అది హక్కు ఉన్న దారి అని కాదు. గోదావరి వైపు పుంత, గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్ల బాట, పేరేదైనా అది గ్రామ నక్షాలో గీసి ఉందా అని చూడాలి. ఉంటే ప్రభుత్వ దారి, ఎవరూ మూయలేరు. లేకపోతే ఎవరిదో పొలం గట్టు మీద మంచితనంతో వెళ్లనిస్తున్నారని అర్థం. అమ్మినాయనకి ఇచ్చిన ఆ మంచితనం మీకూ ఇస్తారని నమ్మకం లేదు. నక్షాలో లేని దారి అయితే, ఆ పొలం యజమాని చేత దారి హక్కు రాయించి రిజిస్టరు చేయించండి, లేదా ఆ పట్టీ కొనేయండి. మీ దస్తావేజు హద్దుల్లో ఒక వైపు "దారి" అని రాసుండాలి, వెడల్పు అడుగుల్లో ఉండాలి.

పుంతలు నక్షాలో వెడల్పుగా ఉంటాయి, నేల మీద రెండు పక్కల రైతులూ గట్లు జరుపుకుంటూ వచ్చి మోటారు సైకిలు పట్టేంత చేసేస్తారు. సర్వేయరుతో కొలిపించండి.

మిగతావి: ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) కనీసం 30 ఏళ్లకి తీయండి. వారసులందరూ సంతకం పెట్టాలి, ముఖ్యంగా ఆడపిల్లలు. "అక్కకి కట్నం ఇచ్చేశాం, ఆవిడకేం సంబంధం లేదు" అనే మాట ఎవరన్నా నమ్మకండి. 22ఏ జాబితా, అంటే నిషేధిత భూముల జాబితా, చూడండి. అసైన్డ్ భూమి, అంటే డీకే పట్టా అయితే 1977 చట్టం ఉంది, వదిలేయండి. ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లొచ్చాయి, పాత నంబరుతో పోల్చి విస్తీర్ణం తగ్గిందేమో చూసుకోండి. కొన్నిచోట్ల అన్నదమ్ములందరికీ కలిపి ఒకటే ఎల్‌పీఎం పడింది, అది విడగొట్టించాకే బయానా. రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం దగ్గర పడుతుంది, అది మీ 45 లక్షల్లోంచే తీయాలి.

డాలస్_గోంగూర

ఈ పోస్టు ప్రింటు తీసి మా నాన్నకి పంపిస్తున్నా.

వీకెండ్_రైతు

ఇన్ని చూశాక ఇల్లు కొనేవాళ్లుంటారా అసలు?

పుంతదారి

ఉంటారండి. మా పోస్టుమాస్టరుగారు ఇవన్నీ చూసే కొన్నారు, ఇప్పుడు ఊళ్లో సగం మందికి కాగితాలు చదివి పెట్టేది ఆయనే. తాళం వేసిన ఇంట్లో మళ్లీ దీపం వెలిగితే వీధంతా బాగుంటుంది. మా ఊళ్లకి ఇప్పుడు కావలసింది అలాంటివాళ్లే, వారాంతానికి వచ్చి గేటు వేసుకుని వెళ్లేవాళ్లు కాదు. మిమ్మల్ని అనడం లేదు, కోపం తెచ్చుకోకండి.

వీకెండ్_రైతు

కోపం లేదండి. మా వెంచరులో ఆదివారం తప్ప మనిషి కనపడడు, నిజమే.

నిజాంపేట_టీచరమ్మ

ఒక సంగతి. మావారి పాత కొలీగ్ ద్వారా తణుకు దగ్గర ఒక ఊళ్లో ఇల్లు తెలిసింది. ఊరి చివర, ఇరవై ఎనిమిది సెంట్లు, పెంకుటిల్లు, వెనక కాలవ. ఇల్లు చాలాకాలంగా మూసి ఉందట. ముగ్గురు వారసులు, ఒకాయన న్యూజెర్సీలో. 38 చెబుతున్నారు. సంక్రాంతి వెళ్లాక చూడ్డానికి వెళ్తున్నాం. కాగితాలు ముందే ఫోన్లో పంపమంటే కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు పంపారు. కరెంటు బిల్లు ఇంకా వాళ్ల తాతగారి పేరు మీదే ఉంది. దాని వల్ల ఇబ్బందా?

పుంతదారి

మా పక్కనే! వెళ్లేటప్పుడు మెసేజ్ పెట్టండి, నేనూ వస్తాను. కాలవ వెనక అన్నారు కదా, కాలవ గట్టు ఇరిగేషన్ వాళ్ల భూమి. ఇరవై ఎనిమిది సెంట్లలో గట్టు కలిపి చెప్పారేమో టేపు పట్టి చూద్దాం.

దస్తావేజు_రాత

కరెంటు బిల్లు తాతగారి పేరున ఉండడం మామూలే, రిజిస్ట్రేషన్ అయ్యాక మార్పించుకోవచ్చు. చూడవలసింది పాత బకాయి. చాలాకాలం మూసిన ఇంటి సర్వీసు రద్దు చేసి మీటరు తీసేసి ఉంటారు, బకాయి మాత్రం ఆ నంబరు మీద అలాగే ఉంటుంది. సెక్షన్ ఆఫీసులో సర్వీసు నంబరు చెప్పి కనుక్కోండి, ఇంటి పన్ను బాకీ పంచాయతీలో కనుక్కోండి, రెండూ అమ్మేవాళ్లే కట్టాలని అగ్రిమెంటులో రాయించండి. తాతగారి నుంచి ఈ ముగ్గురికీ ఎలా వచ్చిందో చూపించే కాగితం అడగండి. తాతగారికి కూతుళ్లెవరైనా ఉన్నారా అన్నది ఊళ్లోనే విడిగా అడగండి. న్యూజెర్సీ ఆయన వాటాకి టీడీఎస్ సంగతి మర్చిపోవద్దు.

నిజాంపేట_టీచరమ్మ

ఇద్దరు కూతుళ్లున్నారట, ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ఒకావిడ కాకినాడలో ఉంటారట. ఆవిడ నంబరు కూడా తీసుకున్నాను. చూసి వచ్చాక రాస్తాను.